టీవీ కంపెనీ వారి వినతి

"మళ్ళీ వచ్చింది. వీడి దుంప తెగ," అంటూ మాజీ టికెట్ ఇన్‌స్పెక్టరు ఫోన్‌ను భోజనాల బల్ల మీద బోర్లించాడు.

బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి ఆయన. టికెట్ కొననివాడు కిటికీలోంచి ప్రకృతిని ఎంత ఇష్టంగా చూస్తాడో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అలాంటి ఆయనకే ఎవడో టోపీ పెట్టాలని చూస్తున్నాడు. అదీ టీవీ కంపెనీ పేరు చెప్పుకుని. ఆ కంపెనీ అంటే ఆయనకు మహా గురి. పాత టీవీ ఒక్కనాడూ మొరాయించలేదని, కొడుకు చేత కొత్తది కూడా వాళ్ళదే కొనిపించాడు. ఫ్రిజ్ కూడా వాళ్ళదే.

కోడలు ఫోన్ తీసుకుని మెయిల్ చదవబోయింది.

"కొంచెం గొంతు పెంచమ్మా. నమిలి మింగకు."

కోడలు గొంతు పెంచింది. ఆయన టీవీలో శబ్దం రోజూ ఆఖరి గీత దాకా వెళ్తోందని కంపెనీ గమనించిందట. ఆయన దయచేసి ఒకసారి చెవులు పరీక్ష చేయించుకోవాలని వినతి.

"అంత పెద్ద కంపెనీకి నా చెవులతో పనేంటి?" అన్నాడాయన. "చెవి మిషన్లు అమ్మేవాడెవడో ఆడుతున్న నాటకమిది."

మొదటి మెయిల్‌లో 'వినియోగదారునికి' అని ఉంటే, అసలు కంపెనీ అయితే పేరు పెట్టి రాస్తుందని ఇదే బల్ల దగ్గర తేల్చేశాడు. రెండోది ఇంటిపేరుతో సహా వచ్చింది. టీవీ మోడల్ నంబరేదీ అని దాన్నీ కొట్టిపారేశాడు. ఇప్పుడిది మోడల్ నంబరుతో దిగబడింది.

"దొంగ నేర్చుకుంటున్నాడు. అంటే టీవీలోంచి మన మాటలు వింటున్నాడన్నమాట."

లేచి వెళ్ళి టీవీ మీద తువ్వాలు కప్పాడు. ఇకమీదట ఇంట్లో అందరూ గుసగుసగానే మాట్లాడాలని హుకుం జారీ చేశాడు. భార్య తల ఊపి, కూర గిన్నె పట్టుకుని గుసగుసగా ఏదో అడిగింది.

"ఏంటీ?"

ఆమె మళ్ళీ గుసగుసలాడింది.

"ఏంటే?"

"కూర వెయ్యనా అని!"

ఆ అరుపుకు టీవీ మీది తువ్వాలు జారిపడింది.

ఆమెకు ఈ గొడవంతా తలనొప్పిగా ఉన్నట్టుంది. ఆ దొంగవెధవలతో మనకెందుకు, డిలీట్ చేసి పారేయండి అంది. ఆమె వదిలేయమన్నదాన్ని వదిలేయడం ఆయన జాతకంలోనే లేదు. చిరాకు తీరక ఫ్రిజ్ తెరిచి, షుగరుందని డాక్టరు వద్దన్న ఐస్‌క్రీమ్ డబ్బాలో స్పూన్ దించాడు. కోపానికి ఆయనకదే మందు. భార్య ఆ డబ్బా వంక ఓరగా చూసి, కూర గిన్నె మీద మూత పెట్టింది.

నిజానికి ఆయన మంట మెయిల్ ఒక్కదాని మీదే కాదు. మనవరాలిని బడికి నడిపించుకెళ్ళడం ఆయన పని. రిటైరయ్యాక మిగిలిన ఏకైక ఉద్యోగం. పోయిన వారం బడి మలుపులో లారీ ఒకటి వెనక నుంచి మీదికొచ్చింది. పిల్లే ఆయన చెయ్యి పట్టి పక్కకు లాగింది. లారీవాడు హారన్ కొట్టలేదని ఆయన, వీధి దద్దరిల్లేలా కొట్టాడని పిల్ల. చెవుల మాటెత్తితే ఆయన ఇల్లు పీకి పందిరేస్తాడు కాబట్టి పెద్దవాళ్ళెవరూ నోరు విప్పలేదు. మర్నాటి నుంచి భార్యే మోకాళ్ళ నొప్పితో కుంటుకుంటూ పిల్లను దింపుతోంది. రోడ్డు మీద రద్దీ పెరిగిందండీ అంటుంది, అంతే. ఆ కుంటి నడకను గేటు దగ్గర నిలబడి చూస్తుంటే ఆయనకు ఒళ్ళు మండిపోతోంది.

ఐస్‌క్రీమ్ సగమయ్యేసరికి ఉపాయం తట్టింది. పరీక్ష చేయించుకోవాలి. చెవులు భేషుగ్గా ఉన్నాయని డాక్టరు చేత రాయించి, ఆ కాగితం దొంగ మొహాన కొట్టాలి. అదే కాగితం చూపించి తన ఉద్యోగం తను లాక్కోవాలి.

"వద్దు మావయ్యగారూ, వాళ్ళకు కావలసింది అదేనేమో," అంది కోడలు.

"నేనేమన్నా వాడు చెప్పిన చోటికి వెళ్తున్నానా?"

ఆసుపత్రి తనే వెతుక్కున్నాడు. వెంబడించేవాడుంటే దారి తప్పాలని ఒక బస్సు దిగి ఇంకో బస్సెక్కాడు. ఆసుపత్రిలో ఆయన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. రెండు మూడుసార్లు నొక్కాడు. ఆ తర్వాత చాలాసేపు ఊరికే కూర్చున్నాడు.

"మిగతాది ఎప్పుడు మొదలుపెడతారు?" అన్నాడు విసుగ్గా.

అద్దం అవతలి నుంచి డాక్టరమ్మ, అయిపోయిందన్నట్టు సైగ చేసింది.

ఆయన మీటను మెల్లగా బల్ల మీద పెట్టాడు. లారీవాడు హారన్ కొట్టే ఉంటాడు.

చెవి వెనక చిన్న మిషన్‌తో ఇంటికొచ్చి, ముందుగా టీవీ మీద మళ్ళీ కప్పి ఉంచిన తువ్వాలు తీసి మర్యాదగా మడత పెట్టాడు.

"కంపెనీ అంటే అదీ," అన్నాడు. "ఇంట్లోవాళ్ళకు పట్టనిది వాళ్ళకు పట్టింది. మీలో ఒక్కరైనా చెప్పారా నాకు?"

"మాకేం తెలుస్తుందండీ," అంది భార్య ఫ్యాను వంక చూస్తూ.

మర్నాడు మనవరాలి చెయ్యి మళ్ళీ ఆయన చేతిలోకి వచ్చింది. దారంతా పిల్ల బూట్లు కిర్రుకిర్రుమన్నాయి. మలుపు అవతల సైకిల్ గంట మోగితే పిల్లకంటే ముందు ఆయనే ఆగాడు. బడి గేటు దాకా ఛాతీ విరుచుకునే నడిచాడు.

ఇంటికొచ్చి సోఫాలో కూలబడి కళ్ళు మూసుకున్నాడు. గోడ గడియారానికి ఇంత చప్పుడుందని ఆయనకిన్నాళ్ళూ తెలియదు. ఎక్కడో కుళాయి కారుతోంది. వంటింట్లో కోడలు కంప్యూటర్ ముందేసుకుని టకటకలాడిస్తోంది. ఆ పక్కనే భార్య గొంతు, మునుపైతే ఆయన చెవిన పడే అవకాశమే లేనంత మెల్లగా వినిపించింది.

"అమ్మాయ్, ఈసారి ఫ్రిజ్ సంగతి రాయి."