ఊదా జెండా మీద నిచ్చెన

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. మిషను దగ్గర నాన్న, మంచం మీద నానమ్మ, ఫోను చెవికి ఆనించుకుని గుమ్మంలో తిరుగుతున్న బాబాయి, నేల మీద జెండాల గుట్ట మధ్య గుర్తు ముక్కలు చేత్తో కుడుతున్న పెద్దపిల్ల.

నాన్న దర్జీ. ఎన్నికలొస్తే ఆ ఇంట్లో చొక్కాలు ఆగిపోయి జెండాలు మొదలవుతాయి. గొడుగు గుర్తు వాళ్ళవి ఊదారంగు, నిచ్చెన గుర్తు వాళ్ళవి ఇటుకరంగు. రెండు పార్టీలకీ కుట్టేది ఆ ఒక్క మిషనే.

"కుట్టేటప్పుడు ఎవరి మీదా ప్రేమ పెట్టుకోకండి. కుట్టు వంకర పోతుంది," అనేవాడు నాన్న.

ప్రేమ సంగతి దేవుడెరుగు, ఎవరికి వెయ్యాలో తేలక పెద్దపిల్లకి అన్నం సహించడం లేదు. అది ఆమె మొదటి ఓటు.

"మన ఇంటి ఓట్లన్నీ గొడుక్కే అని మాటిచ్చేశాను," అన్నాడు బాబాయి ఫోను పెట్టేసి.

"నన్నడిగావట్రా?" అంది నానమ్మ.

"నీకు ఆ గొడుగు అబ్బాయంటే ఇష్టమేగా!"

"మొహం నిండుగా ఉంటుందిలే," ఒప్పుకుంది నానమ్మ.

"మరి నేను బాబాయ్..." అంది పెద్దపిల్ల.

"నువ్వు వేరే దానికి వేశావో, నీ మొహం చూసి పట్టేస్తాను. ఆ తర్వాత నీ ఇష్టం!"

నాన్న మిషను తొక్కుతూనే ఉన్నాడు.

భోజనాలయ్యాక మగవాళ్ళిద్దరూ తయారైన జెండాలు దింపి రావడానికి వెళ్ళారు. నానమ్మ కునుకు తీసింది.

అప్పుడు గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడింది. మామూలు నూలు చీర. చేతిలో తెగిన చెప్పు.

"దబ్బనం ఉందా అమ్మాయ్? రెండు కుట్లు వేసుకుని ఇల్లు చేరతాను."

పెద్దపిల్ల దబ్బనమూ దారమూ ఇచ్చింది. ఆవిడ గడప మీద కూర్చుని చెప్పు కుట్టుకుంటూ, పిల్ల ఒళ్ళోకి చూసి ఫక్కున నవ్వింది.

"ఊదా జెండా మీద నిచ్చెన కుట్టావేమే!"

పెద్దపిల్ల ఒళ్ళో జెండా తిప్పి చూసుకుంది.

"అయ్యో! రేపు ఊరేగింపులో ముందు పట్టుకునే జెండా అండీ ఇది. గొడుగు వాళ్ళు చూస్తే మా నాన్నని బతకనివ్వరు!"

"ఏడవకు. ఇటు తే. నేను విప్పుతాను, నువ్వు గొడుగు కత్తిరించు."

ఆవిడ పిన్నీసు తీసి ఒక్కో కుట్టూ విప్పసాగింది.

"ఇంత పరధ్యానమేంటే? ఎవరైనా కుర్రాడా?"

"ఛీ, కాదండీ! ఓటు."

ఆవిడ మళ్ళీ నవ్వింది. "కుర్రాడే నయం! సరే, ఏంటి నీ గొడవ?"

పెద్దపిల్లకి కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నోరు పెగలదు. కానీ ఆవిడ కళ్ళు కుట్ల మీదే ఉండటంతో ధైర్యమొచ్చింది.

"గొడుగాయన మాట్లాడితే ఏడుపొచ్చేస్తుందండీ, అంత బాగా మాట్లాడతాడు. నిచ్చెనావిడకి మైకిస్తే చేతులు వణుకుతాయి."

"మరింకేం? గొడుక్కి వేసెయ్."

"కానీ వానలకి మా వీధి మునిగినప్పుడు ఆవిడే వచ్చిందండీ. మోకాళ్ళ లోతు నీళ్ళలో. మా నానమ్మని తన వీపు మీద మోసింది. అప్పుడు ఎన్నికలు కూడా లేవు."

"గొడుగాయన రాలేదా?"

"రాలేదండీ."

"రాలేదు," అందావిడ మెల్లగా. పిన్నీసు ఒక్క క్షణం ఆగింది. "మాటలు బాగుంటే కూర్చుని విను. వినడానికి ఓటెందుకు?"

పెద్దపిల్ల కత్తెర పక్కన పెట్టేసింది.

"మరి మా బాబాయి మొహం చూసి పట్టేస్తాడటండీ."

"ఓటేసే చోట అట్టచాటున నువ్వొక్కదానివే ఉంటావు. మీ బాబాయి చూపు అక్కడిదాకా రాదు. ఆయనిచ్చింది ఆయన మాట. నీ ఓటు కాదు."

ఆవిడ నిచ్చెన ముక్కని ఊడదీసి పైకెత్తింది. ఊదా గుడ్డ ఎక్కడా చిరగలేదు.

సరిగ్గా అప్పుడే బాబాయి వచ్చాడు. గడప మీద ఎవరో ముసలావిడ, ఆవిడ ఒళ్ళో ఊదా జెండా, చేతిలో నిచ్చెన.

"మా జెండా మీద నిచ్చెన కుడతావా? నిన్నెవరు పంపారో తెలుసు నాకు! లే!"

"బాబాయ్, తప్పు నాది..."

ఆ మాట పూర్తి కాకముందే ఆవిణ్ని బయటికి పంపేసి ధడాలున తలుపు వేశాడు.

ఓట్ల రోజున పెద్దపిల్ల అట్టచాటుకి వెళ్ళింది. తను అనుకున్న మీట నొక్కింది. బయటికొచ్చాక, ఎన్నాళ్ళకో, గట్టిగా ఆకలేసింది.

గేటు దగ్గర బాబాయి ఆమె మొహంలోకి తేరిపార చూశాడు.

"మొహం వెలిగిపోతోందే! తెలుసు నాకు, గొడుక్కే వేశావ్!"

పెద్దపిల్ల పైటతో నవ్వు దాచుకుంది.

రోడ్డుకి అవతల ఆవిడ కనిపించింది. అదే నూలు చీర, దబ్బనంతో కుట్టుకున్న అదే చెప్పు, వేలికి సిరా.

"బాబాయ్, ఆవిడే! పద, క్షమించమని అడుగుదాం."

"ఆ నిచ్చెన ముసలిదాన్నా? నేనా?"

ఇంతలో ఒక కారు వచ్చి ఆగింది. అందులోంచి గొడుగు గుర్తు అభ్యర్థి దిగాడు. బాబాయి గబగబా చేతులు జోడించాడు.

ఆయన చూడనే లేదు. తిన్నగా ఆవిడ దగ్గరికెళ్ళాడు.

ఆవిడ పెద్దపిల్ల మొహం చూసింది. అంతా అర్థమైనట్టు తలూపి, చల్లగా నవ్వింది.

"ఎండలో ఎంతసేపమ్మా, ఇంటికెళదాం పద," అంటూ ఆయన వాళ్ళమ్మని కారులో కూర్చోబెట్టి, నెమ్మదిగా తలుపు వేశాడు.