తేనెరంగు చార

"కదలకండమ్మా. రెప్ప వేసుకోవచ్చు, దానికి జరిమానా లేదు," అన్నాడు కళ్ళ మాస్టారు.

కృత్రిమ కళ్ళు తయారుచేయడం ఆయన పని. అందుకే అందరికీ కళ్ళ మాస్టారు. గోరంత బిళ్ళను ఆమె కంటి పక్కన పెట్టి చూస్తాడు, సన్నని కుంచెతో ఒక గీత గీస్తాడు, మళ్ళీ పెట్టి చూస్తాడు. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టాడు, పన్నెండు కావస్తోంది.

ఆమె చేతులు ఒళ్ళో బిగించుకుని కూర్చుంది. ఇది కుదిరితే మళ్ళీ నలుగురిలోకి వెళ్ళొచ్చు. కుదరకపోతే గడప దాటేది లేదు. ఆ మాట ఇంట్లో ఎప్పుడో ఖాయమైపోయింది.

"ఎన్నాళ్ళయింది?"

"ఆరు నెలలు."

వైరస్ జ్వరం తగ్గి ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే మొదలైంది. ఒంట్లో షుగరు ముందే ఉంది. బుగ్గ వాచింది. ముక్కులోంచి నల్లటి చెక్కులు రాలాయి. డాక్టరు దగ్గరికి వెళ్దామని కూతురు మొత్తుకుంది.

"ఇప్పుడేగా ఆ నరకంలోంచి బయటపడ్డాం! పంటినొప్పికి మళ్ళీ ఆసుపత్రేమిటే?" అని కసిరింది తను. వేడి కాపడంతో సరిపెట్టింది. అలా మూడు రోజులు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చింది తనే, ఇంకెవరూ కాదు.

ముక్కు పక్క ఎముకల గూళ్ళలో పుట్టిన బూజు కంట్లోకి పాకింది. ప్రాణమా, కన్నా తేల్చుకోమన్నారు. సంతకం పెట్టింది. పది రోజులకు ఇంకో కాగితం తెచ్చారు. దానిమీదా పెట్టింది.

అప్పటినుంచి ఆమెకు అద్దమంటే భయం. మొహం కడుక్కుని తలెత్తితే చాలు, అందులోంచి ఎవరో చూస్తున్నట్టుండేది. మూడు రోజులు ఎందుకాగావని నిలదీస్తున్నట్టుండేది. చివరికి ఇంట్లో అద్దాలన్నిటికీ గుడ్డలు కప్పేసింది.

గోడవార కుర్చీలో ఉన్న కూతురు ఇక ఉండబట్టలేకపోయింది.

"మాస్టారూ, నల్లగుడ్డు అంచున తేనెరంగు చార ఒకటి ఉంటుంది. మర్చిపోయేరు సుమా!"

"ఓసి నీ అసాధ్యం కూలా! భూతద్దం పెట్టి వెతికితే నాకిప్పుడు దొరికింది. నువ్వు కూర్చున్నచోటి నుంచే చెప్పేశావే!"

"ఇరవైనాలుగేళ్ళు చూశాను కదండీ. మా అమ్మ కళ్ళంటే ఏమనుకున్నారు? మా నాన్న వాటిని చూసే బోల్తాపడ్డాడట."

"చాల్లే, ఊరుకోవే," అంది ఆమె. ఈ పిల్ల ఒక్కమాటైనా అనదు. తిట్టినా బాగుండును.

మాస్టారు ఆ బిళ్ళను పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాడు.

సాయంత్రానికి పోత, మెరుగు అన్నీ అయ్యాయి. మాస్టారు చేతులు కడుక్కుని వచ్చాడు.

"నొప్పి ఉంటుందా?" అంది ఆమె.

"ఉండదమ్మా. కాస్త చల్లగా తగులుతుంది, అంతే. ధైర్యంగా ఉండండి."

ఆమె ఊపిరి బిగబట్టింది.

మాస్టారు ఆమెను దాటి గోడవారకు వెళ్ళి, మొహం పైకెత్తి కూర్చున్న కూతురి ఖాళీ రెప్పల వెనక ముందు కుడికన్ను, తర్వాత ఎడమకన్ను అమర్చి పక్కకు తప్పుకోగానే, ఆమె కళ్ళే ఆమెకేసి చూశాయి, ఏమీ చూడకుండా.