పిప్పిలో రంగు

అక్క సంచీలో రెండు తువ్వాళ్ళు పెట్టింది. ఒకటి తీసేసి, కాసేపు ఆలోచించి, మళ్ళీ పెట్టింది.

"ఆసుపత్రికి కదక్కా వెళ్ళేది? ఈతకేం కాదుగా!" అన్నాడు తమ్ముడు, గుమ్మంలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటూ.

"నోరు మూసుకుని ఆ చొక్కాలు ఇలా అందివ్వు."

నాన్న సంచీ కూడా ఆమే సర్దింది. అప్పుడామెకు పదకొండేళ్ళు. పచ్చకామెర్లు ముదిరిపోయి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, కంగారులో తువ్వాలు పెట్టడం మరిచిపోయింది. దానికోసమైనా వెనక్కి వస్తాడని చీకటి పడేదాకా వీధి మలుపులో తువ్వాలు పట్టుకుని నిలబడింది. నాన్న ఇక రాలేదు. తల్లి లేని, ఏడాది నిండని తమ్ముణ్ణి ఆ తువ్వాల్లోనే చుట్టి పెంచింది.

ఇప్పుడు వాడి అరచేతులు పచ్చబడ్డాయి. తర్వాత అరికాళ్ళు. తర్వాత ముక్కు పక్కన మడతలు.

ఇద్దరూ పనిచేసేది క్యారెట్ పిప్పి షెడ్డులో. రసం తీసే ఫ్యాక్టరీవాళ్ళు ఒకప్పుడు ఆ పిప్పిని లారీలకెత్తి పారబోసేవారు. ఇప్పుడు దాన్ని ఆరబెట్టి, పొడి కొట్టి, వెచ్చటి నూనెలో నానేస్తారు. పిప్పిలో మిగిలిన రంగంతా నూనెలోకి దిగుతుంది. ఆ నూనె మందుబిళ్ళల్లోకి పోతుంది. కళ్ళకు మంచిదట.

వెలుతురు తగిలితే ఆ రంగు పాడవుతుంది. అందుకని షెడ్డు కిటికీలకు నల్లరంగు పూశారు. లోపల వెలిగేవి మసక బల్బులు. పన్నెండేళ్ళు ఆ మసకలో ఉండి ఉండి, అక్కకు బయటి ఎండ గుచ్చుకునేది. తేనెరంగు చలువ కళ్ళజోడు కొనుక్కుంది. ఈమధ్య ఇంట్లో దీపం కూడా పడటం లేదని పొద్దస్తమానం పెట్టుకునే ఉంటోంది.

"సినిమావాళ్ళు కూడా ఇంట్లో తీసేస్తారక్కా," అని తమ్ముడు ఏడిపించేవాడు.

మొదట్లో వాడి రంగు సంగతి ఆమె పట్టించుకోలేదు. షెడ్డులో అందరి చేతులూ అంతేగా. కానీ సబ్బుపెట్టి రుద్దినా పోలేదు. నున్నటి రాయితో రుద్దితే వాడు కేకలు పెట్టాడు తప్ప రంగు కదల్లేదు.

"నీ చేతులు మాత్రం తెల్లగా ఉన్నాయా ఏంటి?"

"నాది పన్నెండేళ్ళ పనిరంగురా. నువ్వు చేరి ఆర్నెల్లే కదా!"

నాలుగు రోజుల కిందట వాణ్ణి ఎండలో నిలబెట్టి, కింది రెప్ప లాగి చూసింది. కన్ను కూడా పచ్చగానే ఉంది.

మూడు వారాలుగా వాడి రంగు దిగులుతో ఆమెకు ముద్ద దిగడం లేదు. జాకెట్లు వదులైపోయాయి. పిప్పి పొడి ఒంటికి పడటం లేదేమో, గోకి గోకి చేతులనిండా చారలు కట్టాయి. వాడి సంచీలో ఏం పెట్టాలా అన్నదే రాత్రింబవళ్ళు ధ్యాస.

తలుపు వేసి, తాళంచెవి వాడి జేబులో తనే పెట్టింది.

"ఇది నాకెందుకు? నీ కొంగుకే కట్టుకోవచ్చుగా!"

"నువ్వే వచ్చి తీయాలి. అంతే!" అంది.

బస్సులో ఆమె వాడి చెయ్యి వదల్లేదు. వాడు చుట్టూ చూసి సిగ్గుపడ్డాడు గాని, విడిపించుకోలేదు.

డాక్టరు వాడి అరచేతులు చూశాడు, నాలుక చూశాడు, పొట్ట నొక్కాడు. కళ్ళు చూసి నవ్వాడు.

"ఎక్కడ పని బాబూ?"

"క్యారెట్ పిప్పి షెడ్డులోనండి."

"ఆ పిప్పి తింటావా?"

తమ్ముడు అక్కవైపు చూశాడు. "అప్పుడప్పుడూ... కొంచెం..."

"కొంచెమా!" అంది అక్క. "మేకలా మేస్తాడండీ. గుప్పిళ్ళకు గుప్పిళ్ళు!"

"అదే మరి. ఆ రంగంతా ఒంటికి పట్టింది. నెల్రోజులు మానేస్తే అదే పోతుంది. కామెర్లూ లేవు, ఏమీ లేవు. కామెర్లయితే కళ్ళు పచ్చబడతాయి. ఇతని కళ్ళు పాలలా ఉన్నాయి."

"లేదండీ! నేను చూశానుగా. పచ్చగా ఉన్నాయి."

"ఈ జోడు పెట్టుకునేనా?"

అక్క చెయ్యి కళ్ళజోడు మీదికి వెళ్ళింది.

"దీంట్లోంచి చూస్తే నా కోటు కూడా పచ్చగానే ఉంటుందమ్మా. తీసి చూడండి."

ఆమె కళ్ళజోడు తీసింది. తమ్ముడి గడ్డం పట్టుకుని కిటికీవైపు తిప్పి, రెప్ప లాగి చూసింది. ఒక కన్ను. రెండో కన్ను. మళ్ళీ మొదటిది.

తెల్లగా ఉన్నాయి. ఉతికి ఆరేసినట్టున్నాయి.

"నీ మొహం మండా! ఎంత హడలగొట్టావురా!" వాడి వీపున ఒక్కటిచ్చి, కుర్చీలో వెనక్కి వాలి, ఆయాసం వచ్చేలా నవ్వింది.

"నేనా? నీ కళ్ళజోడు! పద, ఇంటికెళ్ళి ఆ రెండు తువ్వాళ్ళూ నువ్వే కప్పుకుందువుగాని," తమ్ముడూ నవ్వాడు.

డాక్టరు మాత్రం నవ్వలేదు. రాస్తున్న కలం కింద పెట్టాడు. జోడు లేని ఆమె పచ్చటి కళ్ళలోకే చూస్తున్నాడు.

"అమ్మా, ఒక్కసారి మీరు కూడా ఇలా వెలుతురులోకి తిరగండి."

పన్నెండో రోజు, గురువారం పొద్దున, తమ్ముడొక్కడే వచ్చి సంచీ దించి తాళం తీశాడు. నాన్నలాగే అక్క కూడా తిరిగి రాలేదు.