శకునాల కోడి

దగ్గరగా జరిగి కూర్చోండి తల్లులారా. భగవంతుడి మాటను మనిషి ఎక్కడెక్కడ వెతుక్కుంటాడో చెబుతాను.

రోము సైన్యం జర్మనుల అడవి మీదికి దండెత్తినప్పుడు వెంట ఒక కోడిని పంజరంలో పెట్టి తీసుకెళ్లింది. దాని పేరు ఫ్లావా. గింజలు వేస్తే అది తిన్నదా, దేవుడు ముందుకు నడవమన్నట్టు. ముట్టలేదా, వెనక్కి మళ్లమన్నట్టు. అదీ వాళ్ల ఆచారం.

ఫ్లావా ప్రాణమంతా రోములోని ఇంటి మీదే. ద్రాక్షతోట పక్కన పెరడు, ఎండకు కాగిన మట్టి, అందులో పొర్లాడే చెల్లెళ్లు. ఇక్కడేమో ఎప్పుడూ ముసురు, బురద.

రైను నది ఒడ్డున ఒక వడ్రంగిపిట్ట వచ్చి పంజరం మీద వాలింది.

"ఏం అక్కా, ఇంత దండూ నీ ముక్కు వంకే చూస్తోందటగా! అడవిలోకొస్తే వీళ్లూ మిగలరు, మా గూళ్లూ మిగలవు. కాస్త నోరు కట్టుకో తల్లీ."

"ఒట్టు, గింజ ముట్టను. నాకూ ఇల్లు చేరాలనే ఉంది."

అన్నట్టే ఆ పూట ఆ ఒడ్డున దొరికిన గింజలు వేస్తే, ఆకలితో మాడింది గానీ ముక్కు కదపలేదు. ఇక వెనక్కి మళ్లొచ్చని సైనికులు లోలోపలే మురిసిపోయారు.

సేనాపతి మాత్రం ఒప్పుకోక మళ్లీ శకునం చూడమంటే, మర్నాడు రోము నుంచి వచ్చిన కొత్త బస్తా విప్పి గోధుమలు చల్లారు. ఆ వాసనకు పెరడంతా కళ్లెదుట నిలిచింది. "చెల్లీ!" అనుకుంటూ ఫ్లావా ఒక్క గింజ పొడిచింది.

"తిన్నది! దేవుడు నడవమన్నాడు!" అని సేనాపతి కేక వేశాడు.

"అదేంటక్కా, ఒట్టేశావుగా?" వడ్రంగిపిట్ట గొల్లుమంది.

"ఆకలికి తినలేదే. ఇంటికెళ్లిపోయాననుకున్నాను."

ఫ్లావా వెనక్కి చూస్తూనే ఉంది. పంజరం అడవిలోకి సాగిపోయింది.