కొట్టేసిన గడి

"గా గడి ఎందుకు కొట్టేసిన్రు సార్?"

శివకుమార్ సార్ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. వెనక్కి తిరిగేసరికి వర్షిత బెంచీ దాటి బోర్డు దాకా వచ్చేసింది.

మహబూబ్‌నగర్‌లో జరిగే లెక్కల పోటీకి నారాయణపేటలోని ఆ బడి నుంచి ఒక్కరికే చోటు. తనకు కావలసిన పిల్లను పంపాడని ఎవరూ అనకుండా సార్ వరండాలో నిలబడ్డాడు. పేరిచ్చిన ఆడపిల్లలు ఒక్కొక్కరే లోపలికి పోయి, బోర్డు మీద గీసిన ఒక్కో గడిలో పేరు లేకుండా జవాబు రాసి వచ్చారు. (a³)²కు సమానమైనది రాయాలి. తర్వాత సార్ వచ్చి a⁵, a⁹, 2a³ అంటూ వరసగా కొట్టేశాడు. ఒక్క a⁶ మిగిలింది. పోటీకి పోయేది అది రాసిన పిల్లేనని చెప్పేశాడు కూడా.

వర్షిత వేలు పెట్టిన గడిలో (a²)³ ఉంది. ప్రశ్నలోని అంకెలే అటూ ఇటూ మార్చి రాస్తే జవాబెట్లా అవుతుందన్నాడు సార్. పోటీకి బస్సు ఎప్పుడని పొద్దుటి నుంచి వెంటపడి అడిగిన పిల్ల, మనసు విరిగి వచ్చిందనుకున్నాడు.

"నీది పోయిందని గింత లొల్లి చేస్తవేందే?" అంది వెనక నుంచి భాగ్యశ్రీ. అందరూ నవ్వారు. అనూహ్య ఒక్కతే తల వంచుకుని కూర్చుంది.

వర్షిత వింటేగా. సుద్ద లాక్కున్నంత పని చేసి, ఆరు a లు గుణకారం గుర్తులతో వరసగా రాసింది. మూడేసి కలిపి చుట్లు చుట్టింది. ఆ చుట్లు తుడిచి, ఈసారి రెండేసి కలిపి చుట్టింది.

"జర చూడుండ్రి సార్. చుట్లు మారినయ్, a లు గవే గద."

సార్ దగ్గరికి జరిగాడు. a బదులు రెండు పెట్టి చూశాడు, మూడు పెట్టి చూశాడు. రెండు పక్కలా ఒకటే వచ్చింది. పిల్లలు బెంచీలెక్కి, ఐదు పెట్టండి, పది పెట్టండి అని గోల. ఆయనకూ హుషారొచ్చింది. తొందరపడ్డానని ఒప్పుకుని, ఆ గడి పక్కన పెద్ద రైటు కొట్టాడు. ఇక ఇద్దరికీ రేపు ఇంకో లెక్క, గెలిచినవాళ్లే పోతారన్నాడు.

మెచ్చుకోలుగా వర్షిత వైపు తిరిగేలోపే, అనూహ్య కళ్లు తుడుచుకుంటూ లేచి ఆ గడి తనదంది.

సార్ మళ్లీ బోర్డు వైపు చూశాడు.

"మరి a⁶ ఎవరిది?" అన్నాడు సార్.

వర్షిత చెయ్యెత్తింది.