చేతి వాసన

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

వంటగది మూల మోకాళ్ళ మీద వంగి, బోనును ముక్కు దగ్గరకు తెచ్చుకుని వాసన చూస్తూ గద్దించింది బోనులమ్మ. పొరుగూరి నుంచి పిలిపించిన ఎలుకలు పట్టే మనిషి ఆమె. నిన్న బోను తలుపు మూసుకోకుండా తాడుతో కట్టి, లోపల వేయించిన వేరుశనగలు పెట్టి వెళ్ళింది. నిర్భయంగా తిని పోవడం ఎలుకకు అలవాటైతే, మరునాడు తాడు విప్పవచ్చునని ఆమె ఎత్తు. తీరా ఇప్పుడు చూస్తే ఒక్క గింజా కదలలేదు.

ఇంటి యజమాని కిటికీలోంచి ఆకాశాన్ని అతిశ్రద్ధగా పరిశీలించసాగాడు.

"మా అల్లుడుగారే," అంది పీట మీద కూర్చున్న ఆయన అత్తగారు. "కాస్త గోడవైపు జరిపారు."

"జరపక? ఎలుక గోడ ఒరుసుకుంటూ నడుస్తుంది. ఈవిడ జానెడు ఎడం వదిలింది!"

"కావాలనే వదిలాను. గోడ వెంట బోను ఉంటుందని ఈ ఎలుకకు ఎవరో బాగా నేర్పారు. అన్నీ మీకే తెలిస్తే నన్నెందుకు పిలిచారు అయ్యగారూ?"

ఆయన నోరు తెరిచేలోగా ఇల్లాలు గట్టిగా దగ్గింది. "ఆయనంతేనమ్మా. పుస్తకాలు ఎక్కువ చదువుతారు."

"పుస్తకాలా!" అని అత్తగారు నవ్వబోయింది. కూతురు మళ్ళీ దగ్గింది.

యజమాని ఆందోళనకు కారణం లేకపోలేదు. ఆ సాయంత్రమే సంఘం పెద్దలు ఇంటికి వస్తున్నారు. ఆయనను అధ్యక్షుడిగా ఎన్నుకున్నట్టు ప్రకటించి, కాఫీ తాగి వెళతారు. ఏళ్ళ తరబడి ఆయన నిరీక్షించిన పదవి అది. ఎలుకేమో పట్టపగలే ముందుగదిలో షికారు చేస్తోంది.

"వాళ్ళ కంట పడిందా, నా పని అయిపోయినట్టే," అన్నాడాయన నీరసంగా.

"చోద్యం కాకపోతే, ఎలుకలు లేని ఇల్లెక్కడుందయ్యా? ఒక్క ఎలుకను చూసి పదవి పీకేస్తారా?" అంది బోనులమ్మ.

"పీకేస్తారు."

ఆ ముఖం చూసి బోనులమ్మకు జాలి కలిగింది. ఈ ఇంట్లో అన్నీ వింతగానే ఉన్నాయి. తనను పెరటి దారిన రమ్మన్నారు. గేటు పక్కనున్న పలకకు దుప్పటి కప్పారు. అదేమంటే, రంగు ఆరలేదన్నారు.

"పోనీ, ఆ తాళం వేసిన గదిలో ఇంకో బోను పెడతాను. తలుపు తీయండి."

"వద్దు. ఇల్లంతా తిరుగుతుంది గాని, ఆ గదిలో మాత్రం అడుగు పెట్టదు."

"ఎందుకని?"

"తెలివైనది," అని ఆయన క్లుప్తంగా ముగించాడు.

బోనులమ్మ బోనును సలసల కాగే నీళ్ళతో కడిగి, ఎండబెట్టి, కొత్త గింజలు పెట్టింది. అలవాటు చేసే వ్యవధి లేదు గనుక ఈసారి తాడు కట్టలేదు.

"ఇక మీరు దీని దరిదాపులకు రాకండి అయ్యగారూ. మీ చేతి వాసన తగిలితే చాలు, అది పారిపోతోంది. మీరంటే దానికి ఎంత హడలో!"

ఆ మాటకు ఆయన ముఖం క్షణకాలం వెలిగి, మళ్ళీ ముడుచుకుపోయింది.

ఆయనను ముందుగదిలో కూర్చోబెట్టారు. రెండు చేతులూ చంకల్లో దాచుకుని, కళ్ళు మూసుకుని, తపస్సుకు కూర్చున్న మునిలా ఉన్నాడు. అయితే ఆ మౌనవ్రతం ఎంతోసేపు సాగలేదు.

"స్ప్రింగు బిగుతుగా ఉందేమో చూడు!"

"చూశాను!"

"గింజ కొక్కేనికి గుచ్చావా, తగిలించావా?"

"అయ్యగారూ, మీరు అరిస్తే ఎలుక కాదు, నేను పారిపోతాను!"

ఎండ వాలింది. వీధిలో కారు హారను మోగింది. యజమాని ఉలిక్కిపడి లేచాడు. సరిగ్గా అదే క్షణాన వంటగదిలో "ఠప్" మంది.

పద్మవ్యూహాలెన్నింటినో ఛేదించి వచ్చిన ఆ మూషికం, ఊచల వెనక నుంచి మీసాలు కదుపుతూ చూస్తోంది. పరుగున వచ్చిన యజమాని బోను ముందు చతికిలబడ్డాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఎన్నాళ్ళు ఏడిపించావే తల్లీ!" అని ఎలుకతో అని, బోనులమ్మ వైపు తిరిగాడు. "నా పరువు నిలబెట్టావమ్మా. పెరటి దారిన వెళ్ళిపో. ఇక్కడికి వచ్చినట్టు ఎవరితోనూ అనకు."

ఇల్లాలు గేటు దగ్గరకు పరుగెత్తి, పలక మీది దుప్పటి లాగేసింది. బోనులమ్మ బోను మీద తువాలు కప్పి పెరటి గుమ్మం చేరింది. సాగనంపడానికి అత్తగారు వెంట వచ్చింది.

తలుపు సందులోంచి ముందుగది కనిపిస్తోంది. వచ్చిన పెద్దలు కుర్చీల వంక చూడనైనా లేదు. ఒకాయన బీరువా కిందికి వంగి చూశాడు. ఇంకొకాయన గోడ మూలను వేలితో రాసి, ఆ వేలు వాసన చూశాడు. మూడో ఆయన బియ్యం డబ్బా వెనక్కి తొంగిచూసి, "భేష్! అధ్యక్షుడి ఇల్లంటే ఇలా ఉండాలి!" అంటూ యజమానిని కౌగలించుకున్నాడు.

బోనులమ్మ ముక్కున వేలేసుకుంది. "వీళ్ళేం మనుషులు పెద్దమ్మా! ఇంతకీ మీ అల్లుడుగారు చేసే పనేమిటి?"

అత్తగారు అటూ ఇటూ చూసింది. దగ్గడానికి కూతురు దగ్గరలో లేదు.

"ఎలుకలు పడతారమ్మా."