ఎర్ర నీళ్లు

“చార్జింగు ఎక్కుతలేదు సార్. లైటు కూడా వెలుగుతలేదు. చార్జరే ఖరాబైంది,” అన్నాడు పుల్లయ్య, ప్లగ్గు పీకి మళ్లీ గుచ్చుతూ.

మేనేజరు శ్రీరంగం చూపు అప్పటికే షెడ్డులోని రెండో బండి మీదికి పోయింది. అక్కడ సోమి ఒక్కో బ్యాటరీకి విడిగా చిన్న చార్జరు తగిలించి మీటరు చూసుకుంటోంది.

“బ్యాటరీలు మరీ దిగిపోతే పెద్ద చార్జరు వాటిని గుర్తుపట్టదు సార్. మొదలు ఒక్కొక్కదాన్ని లేపాలె,” అంది.

“శభాష్!” అన్నాడు శ్రీరంగం.

పుల్లయ్యకు ఒళ్లు మండింది.

జగదల్‌పూర్ దారిలోని ఆ రిసార్టులో అతను పద్దెనిమిదేళ్లుగా ఎలక్ట్రీషియను. కిష్టారం నుంచి వచ్చిన సోమి చేరి ఇంకా రెండేళ్లు కాలేదు. అతిథులను తిప్పే బ్యాటరీ బండ్లు రెండూ వానాకాలమంతా షెడ్డులో పడి ఉండి మొరాయించాయి. చెరొకటి బాగుచేయమన్నాడు యజమాని. శనివారం ఎవరి బండి గుట్ట ఎక్కితే వాళ్లే ఉంటారు. రెండో మనిషి నెలాఖరుకు వెళ్లిపోవాలి.

“పుల్లన్నా, బ్యాటరీల మూతలు తీసి లోపల నీళ్లు చూసినవా?” అడిగింది సోమి, శ్రీరంగం వెళ్లాక.

“నువ్వు పుట్టకముందు సంది కరెంటు పని చేస్తున్న. నాకు చెప్పుడేంది? నీ పని చూస్కో.”

“కోపమెందుకన్నా? ఈ నౌకరీ పోతే ఈ వయసుల నీకు ఇంకోటి ఎవరిస్తరు?”

వయసు ఎత్తి పొడిచిందని పుల్లయ్య పళ్లు నూరాడు. ఒకప్పుడు ఫ్యూజు పోతే అందరూ “పుల్లయ్య ఏడీ?” అనేవాళ్లు. ఇప్పుడు వంటమనిషి వరమ్మ కూడా “సోమిని పిలువుండ్రి” అంటోంది. ఆ పేరు వినబడితే చాలు, అతనికి ముద్ద దిగడం లేదు.

శుక్రవారం పొద్దున్నే వచ్చేసరికి సోమి అతని బండి పక్కనే ఉంది. చేతిలో స్పానరు, ఒళ్లంతా చెమట.

“నా బండి కాడ నీకేం పని?”

“వైర్లు బిగించిన అన్నా, అంతే,” అంటూ నడుం పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

చెడగొట్టడానికే వచ్చిందని అతను గట్టిగా నమ్మాడు. గబగబా చార్జరు తగిలించాడు. చిత్రంగా లైటు వెలిగింది. నిన్న చార్జరు విప్పి దులిపింది తనే కదా, ఆ గొప్పంతా తనదే అనుకున్నాడు. అయినా కసి తీరలేదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు బోరింగు దగ్గర డబ్బా నింపాడు. ఇనుపరాయి నేల కదా, ఆ నీళ్లు బకెట్లకు కూడా ఎర్రగా మరక పట్టిస్తాయి. బ్యాటరీలో పోస్తే దాని పని అయిపోయినట్టే. సోమి బండి సీటు ఎత్తి మూతలు తీశాడు. నీళ్లు లేక లోపల ప్లేట్లు బయటికి తేలి ఉన్నాయి. తనకు పాఠాలు చెప్పిన మనిషి నీళ్లే చూసుకోలేదు! నవ్వాపుకోలేకపోయాడు. ఆరు బ్యాటరీల్లోనూ అంచుదాకా పోశాడు.

శనివారం సోమి బండి గుట్ట మొదట్లోనే మూలిగి ఆగిపోయింది. పుల్లయ్య బండి శ్రీరంగాన్ని ఎక్కించుకుని పైదాకా వెళ్లి తిరిగొచ్చింది.

“అనుభవం అనుభవమే పుల్లయ్యా! నౌకరీ నీదే, పక్కా!” అన్నాడు శ్రీరంగం.

ఎన్నాళ్లకో పుల్లయ్య కడుపు చల్లబడింది. సంచీ సర్దుకుంటున్న సోమి దగ్గరికి వెళ్లాడు. ఆమె ముఖంలో ఏడుపు కనిపించకపోవడం ఒక్కటే అతనికి నచ్చలేదు.

“పాపం, అంత కష్టపడితివి. నీ బ్యాటరీలు ఏమైనయి సోమీ?” అన్నాడు, లోలోపల నవ్వుకుంటూ.

సోమి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“నీ బండిలనే ఉన్నయి అన్నా.”